రవణమ్మ పోసిన సముద్రం

పాకంలో నీళ్ళు కలిపింది నేను. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. మా బడి పూర్వ విద్యార్థుల సంచికలో కిందటేడు నేను రాసిన వ్యాసం చదివినవాళ్ళకి వేరే కథ తెలుసు. గాజు సీసాలో సముద్రం కట్టి చూపించబోతే, పోసే పిల్ల చెయ్యి వణికి సముద్రమంతా బురదైపోయిన కథ. బాగా నవ్వించావని చాలామంది ఫోన్లు చేశారు. అసలు ఆ కథ నాకు అంతకుముందు నుంచీ అలవాటే. భూగోళం లెక్చరరునయ్యాక ఏటా కొత్తగా చేరిన పిల్లల ముందు ఆ ప్రయోగం చేసి చూపించి, చివర్లో ఆ కథ చెప్పేవాణ్ణి. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆ అమ్మాయి పేరు కూడా దాచేవాణ్ణి కాదు. రవణమ్మ అని చెప్పేవాణ్ణి.

వ్యాసం అచ్చయిన కొన్నాళ్ళకి అప్పలరాజు ఫోను చేశాడు. బళ్ళో వాడూ నేనూ ఒకే బెంచీ. పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఇప్పుడు దువ్వాడలో ఇల్లు కట్టుకున్నాడు.

“బావా, నీ వ్యాసం రవణమ్మ సదివింది.”

“ఏమంది?”

“ఏటంటాది? నవ్వింది. ‘ఇన్నాళ్ళకి నాను పుస్తకంలో కూడా ఎక్కీసినాను’ అంది.”

వాడు ఇంకా ఏవో కబుర్లు చెప్పాడు గానీ నాకు వినబడలేదు. ఫోను పెట్టేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే మా పాత వాటా, ఆ వసారా, ఎర్రధూళి పట్టిన దండెం, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా కదులుతూ కనబడ్డాయి.

మేం గోదావరి జిల్లా వాళ్ళం. నాన్నకి పోర్టు స్టోర్సులో ఉద్యోగం వస్తే పెట్టే బేడా సర్దుకుని ఈ రేవు పట్నం వచ్చి, పాత ఊరనే పేటలో, కొండ వాలులో ఒక మేడ వెనక వాటాలో దిగాం. వసారాలో నిలబడితే కింద పెంకుటిళ్ళ కప్పులు, వాటి అవతల హార్బరు కాలువ. ఇళ్ళు అడ్డం వచ్చి నీళ్ళు కనబడేవి కావు. అందుకని ఓడ లోపలికి వస్తుంటే పెంకుల మీదుగా నడిచి వస్తున్నట్టుండేది. అన్నం తింటూ తలెత్తితే ఎవరింటి కప్పు మీదో తెల్లటి ఓడ. కాసేపటికి అది పక్కింటి కప్పు మీదికి వెళ్ళేది. దాని కూత వినగానే నాన్న గడియారం వైపు చూసేవారు. అమ్మ మాత్రం దండెం వైపు చూసేది. పొద్దున్న ఆరేసిన పంచెలు మధ్యాహ్నానికి ఇనుప ఖనిజం ధూళి పట్టి లేత ఎరుపు తిరిగేవి. “ఈ ఊళ్ళో తెల్లబట్టనేది లేదండీ” అని రోజూ అదే మాట అనేది, రోజూ కొత్తగా బాధపడేది. సాయంకాలాలు నాన్న స్నేహితులు వసారాలో చేరి, రాబోయే స్టీల్ ప్లాంటు గురించీ, ఆ ఉద్యోగాల గురించీ, భూములు పోయినవాళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. గాలి ఎటు నుంచి వీస్తే ఆ వాసన: ఒకసారి ఎండుచేప, ఒకసారి డీజిలు, ఒకసారి తడిసిన తాళ్ళు. వీటన్నిటి మీదుగా అమ్మ పెట్టిన ఇంగువ పోపు.

సందు మొదట్లో రవణమ్మ వాళ్ళ నూనె కొట్టు. వాళ్ళది సబ్బవరం వైపు పల్లె. నాన్న సన్యాసయ్య, మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. చీకటి కొట్టు, నల్లగా మెరిసే గచ్చు, వరసగా నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం డబ్బాలు. బడికి వెళ్ళేముందూ వచ్చాకా రవణమ్మ ఆ డబ్బాల వెనక కూర్చుని నూనె పోసేది. సీసా మూతి ఎంత సన్ననిదైనా గరాటు పెట్టేది కాదు. కొలత గిన్నె ఎత్తి వంచితే నూనె పసుపు దారంలా దిగేది. గాలి వీచినా దారం పక్కకి జరిగేది కాదు. ఆఖర్న మణికట్టు కొంచెం తిప్పేది, దారం తెగేది. సీసా బయట చుక్క ఉండేది కాదు. నేను నూనె తెమ్మని అమ్మ పంపినప్పుడల్లా ఆ దారం చూస్తూ చిల్లర తీసుకోవడం మర్చిపోయేవాణ్ణి. ఇంట్లో నూనె ఒలికితే కీడని మా వైపూ అంటారు. నూనె కొట్టువాళ్ళకైతే అది మరీ పట్టింపు. పొద్దున్న మొదటి బేరంలో చుక్క ఒలికితే ఆ రోజు బాబాయ్ మొహంలో నవ్వుండేది కాదు. అందుకే ఆ మొదటి బేరం ఎప్పుడూ కూతురి చేతే పోయించేవాడు.

“దీపం పెట్టీ సెయ్యి మా గుంటది” అనేవాడు, కూతుర్ని చూపించి, వచ్చినవాళ్ళతో.

మాకు సామాన్యశాస్త్రం చెప్పిన కమల టీచరు సన్నగా, ఎప్పుడూ కొంచెం తొందరలో ఉన్నట్టుండేవారు. ఒకరోజు క్లాసులోకి వస్తూనే, “సముద్రం చూడనివాళ్ళు చెయ్యెత్తండి” అన్నారు. ఎవరూ ఎత్తలేదు. “సముద్రం లోపల చూసినవాళ్ళు?” అన్నారు. అప్పుడూ ఎవరూ ఎత్తలేదు. అప్పలరాజు మాత్రం “మా మావయ్య మునిగీసినాడండి, కానీ కళ్ళు మూసీసుకున్నాడట” అన్నాడు. టీచరు అందరికంటే ఎక్కువగా నవ్వారు.

మర్నాడు మిఠాయి కొట్టు నుంచి అడిగి తెచ్చిన పొడుగాటి గాజు సీసా బల్ల మీద పెట్టారు. అడుగున బెల్లం పాకం, దాని మీద నీలిమందు కలిపిన చిక్కటి ఉప్పునీళ్ళు, దాని మీద లేతనీలం మంచినీళ్ళు, ఆ పైన నూనె, అన్నిటికీ పైన కాంపౌండరుని అడిగి తెచ్చిన స్పిరిట్. బరువైనది కిందికి, తేలికైనది పైకి. మెల్లగా పోస్తే దేని చోట అది నిలబడుతుంది. ఒక్కో పొరా పడుతుంటే టీచరు గొంతు తగ్గించి చెప్పేవారు. “మన ఓడలు తిరిగేదీ, ఎండ దిగేదీ ఈ పైపొరలోనే. దీని కింద మసక. ఇంకా దిగితే చీకటి. ఆ కింద చలి, మోయలేనంత బరువు. అట్టడుగున లోయలు. అక్కడా ప్రాణులుంటాయి, వాటికి ఎండంటే తెలీదు.”

మొదట టీచరే పోయబోయారు గానీ, చేతిలో తొందర ఎక్కువ. పొర చెదిరింది. అప్పుడు వెనక బెంచీలోంచి రవణమ్మ లేచి వచ్చి, “నాను పోత్తానండి” అంది. చెంచా బోర్లించి దాని వీపు మీదుగా జారవిడిచింది. సీసా నిండేసరికి క్లాసులో చప్పుడు లేదు. కిటికీలోంచి వచ్చిన ఎండ సీసాలోంచి దూరి వెనక గోడ మీద పడింది. గోడంతా పైన తేనెరంగు, మధ్యన నీలం, కింద నల్లటి నీడ. మేం ఒక్కొక్కరం వెళ్ళి ఆ నీలంలో అరచెయ్యి పెట్టి చూసుకున్నాం. ఎవరి వేళ్ళు వాళ్ళకే కొత్తగా కనబడ్డాయి. ఆ రోజంతా నేను నీళ్ళలో నడుస్తున్నట్టే ఉన్నాను. ఇంటికొచ్చి మంచం మీద పడుకుంటే మంచం కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి.

బడి వార్షికోత్సవానికి తల్లిదండ్రులందరి ముందూ దీన్ని చేసి చూపించాలని హెడ్మాస్టరు గారు అన్నారు. బాగా వస్తే, పోసిన పిల్లని ఊళ్ళో జరిగే సైన్సు ప్రదర్శనకి పంపుతామన్నారు. రవణమ్మ ఆ మాట ఇంట్లో చెప్పినట్టుంది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ బాబాయ్ ఆ సంగతే చెప్పడం మొదలుపెట్టాడు. “మా గుంట సముద్రం పోత్తాదటండి. సూడ్డానికి రండి.”

టీచరు ఒక్కో పొర ఒక్కో ఇంటి నుంచి రావాలన్నారు. నూనె ఎలాగూ రవణమ్మదే. పాకం నాకొచ్చింది. తీగపాకం పట్టించుకు రమ్మన్నారు. ఆ మాట అమ్మకి చెబితే కొంగు బిగించింది.

“తీగపాకవా? ముదురా లేతా? అడిగావా మీ టీచర్ని?”

“మామూలుదేనే.”

“మామూలుదంటూ ఉండదు పాకంలో. పిల్లలు తినేదా?”

“తినేది కాదమ్మా. సముద్రం.”

“సముద్రవైతే మటుకు! నా చేత్తో పట్టిన పాకం నలుగురి ముందూ పెడుతూ ఏలకులు వెయ్యకుండా ఎలా దింపుతానురా?”

వేసింది. అనకాపల్లి బెల్లం కరిగి, నురుగు కట్టి, ముదురుతుంటే ఆ వాసన వాటా అంతా నిండి మెట్ల దాకా దిగింది. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, చుక్క వేసి చూసి, వేళ్ళ మధ్య తీగ సాగదీసి చూసి, వెడల్పు మూతి సీసాలో పోసి, చల్లారాక గుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. “జాగ్రత్త బాబ్జీ, ఒలకబొయ్యకు” అంది.

ఒలకబొయ్యలేదు. బడికి వెళ్ళే దారిలో కాలువ వైపు ఒక పిట్టగోడ ఉండేది. ఆ ఉదయం ఒక పొడుగాటి ఓడ మలుపు తిరిగి లోపలికి వస్తోంది. ముందు దాన్ని లాగే టగ్గు పడవ, మధ్యన తాడు ఒకసారి బిగుస్తూ ఒకసారి నీళ్ళలోకి వాలుతూ. గోడ మీద కూర్చున్నాను. వాసన కోసమే మూత తీశాను. తర్వాత అంచున అంటుకున్నదేదో తుడుద్దామని వేలు పెట్టాను. ఓడ ఎంత మెల్లగా కదులుతోందో నా వేలూ అంత మెల్లగా కదిలింది. ఓడ అడుగు ఎంత లోతుకుంటుందో, దాని కింద చేపకి అది ఆకాశంలా కనిపిస్తుందో ఏమో అనుకుంటూ చప్పరించాను. ఓడ వెనకభాగం గిడ్డంగుల చాటుకి వెళ్ళేసరికి చూసుకుంటే సీసా సగానికి దిగింది.

వీధి కుళాయి పక్కనే ఉంది. నింపాను. మూత బిగించి ఊపాను. రంగు కొంచెం పలచబడిందేమో గానీ బెల్లం రంగే. రంగుంటే పాకమే కదా అనుకున్నాను. గుడ్డ మళ్ళీ అమ్మ చుట్టినట్టే చుట్టాను.

వార్షికోత్సవానికి హాలు నిండిపోయింది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, కూతురు బాగా కనబడాలని గోడవారన నిలబడ్డాడు. రవణమ్మ రెండు జడలూ బిగించి, కొత్త రిబ్బన్లు కట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ముందుగా నా సీసా అందుకుని వంచింది. వంచగానే ఒక్క క్షణం ఆగింది. ఆగి, తలెత్తి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తర్వాత ఉప్పునీళ్ళు. చెంచా వీపు మీదుగా, ఎప్పటిలాగే. కానీ అవి పాకం మీద నిలబడలేదు. ముదురునీలం పోగులు పోగులుగా గోధుమరంగులోకి దిగిపోయింది. అడుగు తాకి, అక్కణ్ణించి మసకగా పైకి లేచింది. లోయలూ చీకట్లూ కలిసిపోయి సీసా అంతా వానాకాలం కాలువలా అయిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలన్నీ పాకింది.

“పాపం, ఆడపిల్ల, ఇంతమందిని చూసి చెయ్యి వణికింది” అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన జాలిగానే అన్నారు. కానీ ఆ మాట హాలంతా వినబడింది. గోడవారన బాబాయ్ నిలబడ్డ చోటు ఖాళీ అయింది.

నడవాలో కమల టీచరు నన్ను ఆపారు. “బాబ్జీ, మీ అమ్మగారి పాకం గట్టిగానే ఉందా?”

“ఉందండీ” అన్నాను.

టీచరు నా మొహంలోకి ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు. మగపిల్లాడైతే బెదరడని, ప్రదర్శనకి నన్ను పంపాలని హెడ్మాస్టరు గారు నిర్ణయించారు. నాకు పొయ్యడం రాదు. నేర్పింది రవణమ్మే. టీచరు చెబితే వారం పాటు బడి వదిలాక ఉండి నేర్పింది. “ఊపిరి బిగబట్టీకు. సెంచా నువ్వు పట్టుకున్నట్టుండకూడదు, దాని పాటికి అదున్నట్టుండాల” అనేది. నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. ప్రదర్శన రోజు పాకం కమల టీచరు తన ఇంట్లోనే పట్టి తెచ్చారు. నా సముద్రం బ్రహ్మాండంగా నిలబడింది. బహుమతిగా గ్లోబు ఇచ్చారు. అమ్మ దాన్ని బీరువా మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. భూగోళం నా చదువు అవుతుందని ఇంట్లో అందరూ అప్పుడే అనేసుకున్నారు, అలాగే అయింది కూడా.

ఆ తర్వాత నూనెకి వెళితే, కొలత గిన్నె రవణమ్మ తమ్ముడి చేతిలో ఉంది. రవణమ్మ మూల కూర్చుని డబ్బాలు తుడుస్తోంది. బేరానికొచ్చిన ఎవరో, “ఏం సన్నాసయ్యా, నీ కూతురికి సెయ్యి వొణుకుతాదటగా, ఆ పిల్ల సేత పోయించీకు” అన్నారట. అలా ఒకరు కాదు. ఆయన కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. గిన్నె తీసి కొడుక్కిచ్చాడు, అంతే. ఆ కుర్రాడు పోస్తే సీసా అంతా జిడ్డు. “ఆ పిల్ల పోస్తే చేతికి అంటేది కాదురా” అని అమ్మ సీసా తుడుచుకుంటూ విసుక్కునేది. నేను పుస్తకంలో తల పెట్టుకునేవాణ్ణి. చెబుదామని చాలాసార్లు సందు మొదటి దాకా వెళ్ళాను. కొన్నాళ్ళకి ఇల్లు మారాం. చెప్పకుండా ఉండటం అలవాటైంది. తర్వాత చెప్పకుండా ఉండటం కూడా చాలక, దాన్ని నవ్వులాట చేసుకున్నాను. నవ్వినవాళ్ళ మధ్య కూర్చుంటే నాకు అది నిజంగానే అలా జరిగిందనిపించేది.

అప్పలరాజు ఫోను చేసిన వారానికి పాత ఊరు వెళ్ళాను. దండేలకి ఎర్రధూళి ఇంకా అంటుతోంది. పెంకుటిళ్ళు మాత్రం లేవు, అన్నీ అంతస్తులే. ఏ కప్పు మీదా ఓడ నడవడం లేదు. ఇప్పటి మా కాలేజీ పిల్లలు సముద్రం అడుగును ఫోనులో చూస్తారు. లోయల్లో మెరిసే చేపల్ని నాకంటే ఎక్కువ పేర్లతో చెబుతారు. మంచిదే. అయినా గోడ మీద పడిన ఆ నీలంలో అరచెయ్యి పెట్టుకుని మేం నిలబడిపోయినట్టు వాళ్ళు ఎక్కడైనా నిలబడతారా అనుకుంటూ నడిచాను.

నూనె కొట్టు అక్కడే ఉంది, పైన డాబా లేచింది. లోపల నూనె పొట్లాలు దండలుగా వేలాడుతున్నాయి. ఒక్క డబ్బా లేదు, పొయ్యాల్సిన అవసరం ఎవరికీ లేదు. జుట్టు సగం నెరిసిన రవణమ్మ గల్లా దగ్గరుంది. పెళ్ళయ్యాక కూడా ఇదే సందులో ఉండి, తమ్ముడు స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వెళ్ళిపోయాక కొట్టు తనే చూసుకుంటోందని అప్పలరాజు చెప్పాడు. బయట ప్లాస్టిక్ కుర్చీలో పండుముసలి సన్యాసయ్య బాబాయ్.

“ఓలమ్మ, లెచ్చరర్ గారు!” అంది నన్ను చూసి. “రా, రా. ఇంకో కథేటైనా రాత్తన్నావేటి నా మీద?”

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. ఓడ, పిట్టగోడ, కుళాయి, అన్నీ. ఆమె నవ్వు మెల్లగా తగ్గింది. ఎవరికో ఉప్పు పొట్లం ఇచ్చి, డబ్బు గల్లాలో వేసి, అప్పుడంది. “ఒంచగానే తెలిసింది నాకు. పాకం అలగ దూకుతాదేటి?”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే ఎవులు నమ్ముతారు? సెయ్యి వొణికినోళ్ళంతా సాకులే సెప్తారంటారు.” గల్లా మూసింది. “నువ్వే సెప్తావనుకున్నాను. అవాళ కాపోతే రేపు. నాకు పెళ్ళయ్యే దాకా అనుకున్నాను.”

ఆమె గల్లా వెనక నుంచి లేచి వచ్చింది.

“నాకు సెప్పి ఏటి లాభం, నాకు తెల్దేటి? సెప్తే మా నాన్నకి సెప్పు. ఇప్పటికీ నాను టీ గ్లాసు అందిత్తే ‘జాగ్రత్త, నీ సెయ్యి వొణుకుతాది’ అంటాడు.”

బాబాయ్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెప్పాను. ఆయన నా మొహంలోకి ప్రేమగా చూసి “ఏటి?” అన్నాడు.

“సెవుడు. గట్టిగా సెప్పు” అంది రవణమ్మ.

గట్టిగా చెప్పాను. ఎదురుగా కుట్టు మిషను ఆగింది. ఆయన మళ్ళీ “ఏటి?” అన్నాడు. లేచి నిలబడి, ఆయన చెవి దగ్గర వంగి, సందంతా వినేలా అరిచాను. “బాబాయ్! రవణమ్మ చెయ్యి వణకలేదు! నేను బెల్లం తినేసి నీళ్ళు పోశాను! బళ్ళో అబద్ధమాడాను!” ఆటో దిగుతున్నామె అక్కడే నిలబడిపోయింది. పై అంతస్తుల్లోంచి ఎవరో తొంగిచూశారు.

ముసలాయన నా వైపు చూశాడు. తర్వాత తల తిప్పి కూతురి చేతుల వైపు చూశాడు. “దాని సెయ్యి వొణకదని నాను అప్పుడే అన్నాను కదేటి” అన్నాడు, ఎవరితోనూ కాదు, తనతో తనే. అప్పుడు ఆయన అలా అనలేదని రవణమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో పాత వెటకారం కొద్దిగా వచ్చింది. “ఆటో సప్పుడుకి నాకూ సరిగ్గా ఇనబడ్లేదు. నాకేటి సెప్తావో అది ఇప్పుడు సెప్పు.”

ఈసారి అరవలేదు.

“నన్ను క్షమించు రవణమ్మా” అన్నాను.